కంప్యూటర్ పరికరాలకు పవర్ కార్డులు, సాకెట్లు సురక్షితంగా వాడడం ఎలా?

కంప్యూటర్ కొనేటప్పుడు ప్రాసెసర్ ఏది, మెమరీ ఎంత అని పదిసార్లు ఆలోచించేవారు కూడా దానికి కరెంటు మోసుకొచ్చే తీగ గురించి ఒక్కసారైనా ఆలోచించరు. పెట్టెలో వచ్చిన కార్డు పొట్టిదైతే అల్మారాలో పడి ఉన్న మరొకటి తీసి తగిలించేస్తారు. నిజానికి కంప్యూటర్ లోపలి సర్క్యూట్లలో చాలావరకు 12 వోల్టులతోనో, అంతకన్నా తక్కువతోనో నడుస్తాయి. ప్రాణానికీ ఇంటికీ ముప్పు తేగల వోల్టేజి గోడలోని సాకెట్ నుంచి పవర్ సప్లై వరకు ఉన్న ఆ కాస్త దారిలోనే ఉంటుంది. ఆ దారిలో కూడా తీగ మధ్యభాగం కన్నా లోహం లోహాన్ని తాకే చోట్లే, అంటే పిన్ను సాకెట్‌లోకి దూరే చోటు, కార్డు రెండో కొస యంత్రంలోకి దూరే చోటు, స్క్రూ కింద తీగ బిగిసే చోటు, ఎక్కువగా వేడెక్కుతాయి. కింద చెప్పిన పనులు వరసగా చేసుకుపోతే ఈ చోట్లన్నీ ఒకసారి మీ కంటికీ చేతికీ తగులుతాయి.

మొదట లేబుల్ చదివి లెక్క వేసుకోండి

బల్ల మీద ఉన్న ప్రతి పరికరాన్నీ తిప్పి, వెనకో అడుగునో అంటించిన లేబుల్‌లో ‘ఇన్‌పుట్’ అని ఉన్న వరసను చదవండి. అక్కడ 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఆ పరికరం ప్రపంచంలో దాదాపు ఏ సరఫరా మీదనైనా నడుస్తుంది. పాత డెస్క్‌టాప్ పవర్ సప్లైలలో కొన్నింటికి వెనకవైపు 115, 230 అని రాసిన చిన్న ఎర్ర స్విచ్చు ఉంటుంది. 230 వోల్టుల సరఫరా ఉన్న చోట ఆ స్విచ్చు 115 మీద ఉండిపోతే, ఆన్ చేసిన మరుక్షణమే పెద్ద చప్పుడుతో పవర్ సప్లై కాలిపోతుంది. కాబట్టి పాత యంత్రాన్ని ఎవరి దగ్గరైనా తీసుకున్నప్పుడు ముందు చూడవలసింది ఆ స్విచ్చునే.

తరువాత ఆంపియర్ల లెక్క. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 400 వాట్లు తీసుకునే డెస్క్‌టాప్, ఒక్కొక్కటి 40 వాట్ల మానిటర్లు రెండు, 15 వాట్ల రూటర్, 20 వాట్ల స్పీకర్లు కలిపితే 515 వాట్లు. ఇది 230 వోల్టుల మీద దాదాపు 2.2 ఆంపియర్లు, 120 వోల్టుల మీద 4.3 ఆంపియర్లు. ఇంతవరకు ఏ సాకెట్‌కీ భారం కాదు. దీనికి లేజర్ ప్రింటర్ తోడైతే లెక్క తిరగబడుతుంది. పొడి ఇంకును కాగితానికి అతికించే హీటర్ పనిచేస్తున్న క్షణాల్లో ఆ ప్రింటర్ ఒక్కటే 1000 వాట్ల వరకు లాగవచ్చు, అప్పుడు మొత్తం 230 వోల్టుల మీద 6.6 ఆంపియర్లకూ, 120 వోల్టుల మీద 12.6 ఆంపియర్లకూ చేరుతుంది. ప్రింట్ కొట్టినప్పుడల్లా గదిలో దీపం ఒక్కసారి మిణుకుమనడానికి కారణం సాధారణంగా ఇదే.

లేబుల్ చదవడంలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 65 వాట్ల లాప్‌టాప్ అడాప్టర్ మీద ఇన్‌పుట్ 1.5 ఆంపియర్లు అని ఉండడం చూసి, దాన్ని 240తో హెచ్చించి, 360 వాట్లు లాగుతుందని భయపడతారు. ఆ 1.5 అన్నది తక్కువ వోల్టేజి దగ్గర తీసుకోగల గరిష్ఠ అంకె మాత్రమే. అలాగే పవర్ సప్లై మీద 650 వాట్లు అని ఉంటే అది ఇవ్వగల శక్తి, ఎల్లవేళలా లాగే శక్తి కాదు. అయినా కార్డును, సాకెట్‌ను ఎంచుకునేటప్పుడు పెద్ద అంకెనే లెక్కలోకి తీసుకోవడం మేలు.

పరికరానికి తగిన కార్డునే వాడండి

డెస్క్‌టాప్, మానిటర్, ప్రింటర్ వెనక తగిలే మూడు రంధ్రాల కార్డు కొసకు అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60320 ప్రకారం సి-13 అని పేరు, దాని సామర్థ్యం 10 ఆంపియర్లు. లాప్‌టాప్ అడాప్టర్లకు వచ్చే, మూడు గుండ్రని రంధ్రాలు ఆకులా అమరిన చిన్న కొస సి-5, ఎనిమిది అంకె ఆకారంలో రెండే రంధ్రాలున్నది సి-7. ఈ రెండూ 2.5 ఆంపియర్లకే. ఎక్కువ శక్తి లాగే సర్వర్లకు, భారీ పవర్ సప్లైలకు 16 ఆంపియర్ల సి-19 వస్తుంది. ఆకారాలు వేరుగా ఉండడం వల్ల చిన్న కార్డును పెద్ద యంత్రానికి తగిలించే ప్రమాదం సహజంగానే తప్పుతుంది. ఒకదానిలో మరొకటి పట్టడం లేదంటే బలవంతం చేయకూడదని అర్థం.

ఆకారం ఒకటే అయినంత మాత్రాన లోపలి తీగ ఒకటే అనుకోవద్దు. కార్డు పొడవునా ముద్రించిన చిన్న అక్షరాలను వెలుతురులోకి తిప్పి చూస్తే తీగ మందం కనిపిస్తుంది. 3 × 0.75 అంటే మూడు తీగలు, ఒక్కొక్కటి 0.75 చదరపు మిల్లీమీటర్ల మందం అన్నమాట. ఒక కంప్యూటర్‌కు, రెండు మీటర్ల లోపు పొడవుకు ఇది చాలు. అంతకన్నా పొడవైన కార్డుకు, 10 ఆంపియర్ల దాకా లాగే పరికరానికి 1.0 మందం ఉండాలి, 16 ఆంపియర్లకు 1.5 కావాలి. కొన్ని దేశాల్లో ఇదే కొలతను గేజ్ అంకెల్లో రాస్తారు. అక్కడ అంకె పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుంది కనుక 18 గేజ్ కన్నా 16 గేజ్ మందం, 14 ఇంకా మందం. ఏ ముద్రా లేని, చేతిలో దూదిలా తేలికగా అనిపించే, పిన్నులు అటూ ఇటూ ఊగే కార్డును ఊరికే ఇచ్చినా వాడకండి. రాగి తగ్గించి, అల్యూమినియం మీద రాగి పూత పూసిన తీగలు పైకి ఒకేలా కనిపిస్తాయి, కానీ అంతే మందం గల రాగి కన్నా ఎక్కువ వేడెక్కుతాయి.

సాకెట్‌ను, ఎర్త్‌ను పరీక్షించండి

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన పని ఇదే. ముందు సాకెట్ ముఖాన్ని చూడండి. రంధ్రాల చుట్టూ గోధుమరంగు మచ్చ, కాస్త కరిగి వంకరపోయిన అంచు, పగులు, వీటిలో ఏది కనిపించినా ఆ సాకెట్‌ను వాడడం మానేసి మార్పించండి. తరువాత స్విచ్చు ఆపి, ప్లగ్గును పెట్టి చూడండి. మంచి సాకెట్ ప్లగ్గును గట్టిగా పట్టుకుంటుంది, తీయడానికి కొంచెం బలం కావాలి. దాని బరువుకే కిందికి వాలిపోయినా, వేలితో కదిపితే కంప్యూటర్ ఆగి వెలిగినా, లోపలి ఇత్తడి పట్టీలు వదులైపోయాయని అర్థం. దాన్ని నిలబెట్టడానికి అగ్గిపుల్ల దోపడం, కాగితం మడిచి కుక్కడం మనవాళ్లకు బాగా అలవాటైన పని. అది లోపాన్ని దాచిపెడుతుంది తప్ప బాగుచేయదు.

వదులైన పట్టు ఎందుకు ప్రమాదమో ఒక లెక్క చెబుతుంది. పిన్నుకూ పట్టీకీ మధ్య తాకిడి సరిగా లేక అక్కడ 0.1 ఓమ్ నిరోధం పుట్టిందనుకోండి. 6.6 ఆంపియర్లు ప్రవహిస్తే ఆ ఒక్క బిందువు దగ్గర 4.4 వాట్ల వేడి పుడుతుంది, 12.6 ఆంపియర్లయితే అది దాదాపు 16 వాట్లు. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. బఠాణీ గింజంత చోటులో 16 వాట్లంటే చిన్న సోల్డరింగ్ ఐరన్ మొన లాంటిది, ప్లాస్టిక్ తట్టుకోలేదు. వేడికి పట్టీ మరింత వదులవుతుంది, లోహం మీద చిలుము పడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. ఇంత జరుగుతున్నా ప్రవాహం హద్దు దాటలేదు కనుక ఫ్యూజు పోదు, ఎం.సి.బి. (కరెంటు హద్దు మీరితే తనంతట తానే ఆగిపోయే స్విచ్చు) ట్రిప్ కాదు. ఈ రెండూ ఎక్కువ కరెంటును పసిగడతాయే కాని వేడెక్కిన సాకెట్‌ను పసిగట్టలేవు.

ఇక ఎర్త్. డెస్క్‌టాప్ వంటి లోహపు పెట్టె గల పరికరానికి మూడో పిన్ను ప్రాణరక్షకం. లోపల ఫేజు తీగ ఊడి పెట్టెను తాకితే, ఆ కరెంటు ఎర్త్ ద్వారా ఒక్కసారిగా ప్రవహించి ఫ్యూజును పోగొడుతుంది లేదా ఎం.సి.బి.ని ట్రిప్ చేస్తుంది. ఎర్త్ లేకపోతే అది మీరు తాకే వరకు ఎదురుచూస్తుంది. ఎర్త్ లేదనడానికి ఒక సూచన మీకు అనుభవంలో ఉండే ఉంటుంది: కంప్యూటర్ క్యాబినెట్ వెనక స్క్రూనో, యూఎస్‌బీ రంధ్రం అంచునో చేతి వెనకభాగం రాసుకున్నప్పుడు చీమలు పాకినట్లు జిలజిలమంటుంది. పవర్ సప్లైలో విద్యుత్ రొదను వడకట్టే కెపాసిటర్లు రెండు, ఒకటి ఫేజు నుంచి, మరొకటి న్యూట్రల్ నుంచి, పెట్టెకు కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటి ద్వారా కారే స్వల్ప ప్రవాహం నేలకు పోతుంది, లేకపోతే పెట్టె సరఫరా వోల్టేజిలో సగం దగ్గర తేలుతుంది. ఆ ప్రవాహం సాధారణంగా ఒక మిల్లీ ఆంపియర్ లోపే కనుక అది ప్రాణం తీయదు, కాని అసలు రక్షణ లేదని అది చెబుతోంది. ‘కంప్యూటర్ కొంచెం షాక్ కొడుతుంది, అలవాటైపోయింది’ అని ఎవరైనా అంటే, ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలవమని చెప్పండి.

స్క్రూడ్రైవర్ రూపంలో ఉండే టెస్టర్ ఫేజు ఉందో లేదో చూపుతుంది, ఎర్త్ ఉన్నదీ లేనిదీ దానితో తేలదు. సాకెట్‌లో పెట్టే మూడు దీపాల టెస్టర్ ఎర్త్ తీగ తెగిందా, ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యాయా అన్నది చెబుతుంది, ఎర్త్ ఎంత బలంగా ఉందో చెప్పదు. ఆ కొలత ఎలక్ట్రీషియన్ పరికరంతో చేయవలసినది. ఎర్త్ లేని చోట, సాకెట్ లోపల ఎర్త్ రంధ్రాన్ని న్యూట్రల్‌కు కలిపేసి ‘సరిపోయింది’ అనే పద్ధతి ఒకటుంది. ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజున కంప్యూటర్ పెట్టెకంతా పూర్తి వోల్టేజి ఎక్కుతుంది కనుక, అసలు ఎర్త్ లేకపోవడం కన్నా ఇది ఘోరం. నీటి గొట్టానికి తీగ చుట్టడం కూడా అంతే. మూడో పిన్నును విరగ్గొట్టడం, మూడు పిన్నులను రెండుగా మార్చే అడాప్టర్ తగిలించడం గురించి వేరే చెప్పనక్కరలేదు.

అయితే లాప్‌టాప్ అడాప్టర్ రెండు పిన్నులతోనే వస్తే కంగారు పడవద్దు. దాని లేబుల్ మీద చదరంలో చదరం గీసిన గుర్తు ఉంటే, అది ఎర్త్ అక్కరలేకుండా రెండు పొరల ఇన్సులేషన్‌తో తయారైనది.

ఎక్స్‌టెన్షన్ బాక్సు, సర్జ్ ప్రొటెక్టర్, యూపీఎస్

గోడలో సాకెట్లు చాలకపోతే ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడక తప్పదు, కాని ఒక బాక్సులో మరొక బాక్సును తగిలించకండి. ఆరు సాకెట్లున్నాయి కదా అని ఆరు రెట్ల శక్తి రాదు. అన్నిటి భారమూ మొదటి బాక్సు కార్డు మీద, గోడలోని ఒక్క సాకెట్ మీద పడుతుంది, పైగా ప్రతి అతుకూ వేడెక్కగల కొత్త చోటు. హీటర్, ఇస్త్రీ పెట్టె, కెటిల్ వంటివి కంప్యూటర్ బాక్సులోకి రానే కూడదు. లేజర్ ప్రింటర్‌కు వీలైనంతవరకు గోడలోనే విడి సాకెట్ ఇవ్వండి. చుట్ట చుట్టిన రీలు మీది కార్డును పూర్తిగా విప్పి వాడండి, చుట్టలోనే ఉంటే పుట్టిన వేడి బయటికి పోక లోపలి పొరలు మెత్తబడతాయి.

స్పైక్ గార్డ్ అనీ, సర్జ్ ప్రొటెక్టర్ అనీ అమ్మేవాటిలో కొన్నిటికి స్విచ్చు, దీపం తప్ప ఏమీ ఉండదు. నిజమైన దాని మీద ఎన్ని జూళ్ల ఉప్పెనను, అంటే ఒక్కసారిగా ఎగసే వోల్టేజిని, తట్టుకుంటుందో, ఏ వోల్టేజి దగ్గర అడ్డుకుంటుందో రాసి ఉంటుంది. లోపలి భాగాలు దెబ్బ తిన్నప్పుడల్లా కొంత అరిగిపోతాయి కనుక ‘రక్షణ ఉంది’ అని చూపే దీపం ఆరిపోతే సాకెట్లలో కరెంటు వస్తున్నా సరే దాన్ని మార్చండి. ఎర్త్ లేని సాకెట్‌లో దాని పని సగమే జరుగుతుంది. దగ్గరలో పడే పిడుగును ఆపడం దేనికీ చేతకాదు కాబట్టి, ఉరుములు మొదలవక ముందే ప్లగ్గును, దానితో పాటు బయటినుంచి వచ్చే నెట్‌వర్క్ తీగను కూడా ఊడదీయండి. ప్లగ్గు తీసి నెట్‌వర్క్ తీగ వదిలేస్తే ఒక తలుపు మూసి రెండోది తెరిచి ఉంచినట్లే.

కరెంటు పోయినా బ్యాటరీతో కాసేపు నడిపించే యూపీఎస్‌ను గోడ సాకెట్‌లోనే పెట్టాలి. దాని మీద రెండు అంకెలుంటాయి, ఉదాహరణకు 600 వీఏ (వోల్ట్-ఆంపియర్లు), 360 వాట్లు. మీ పరికరాల మొత్తం చిన్న అంకెను, అంటే వాట్లను, దాటకూడదు. బ్యాటరీ సాకెట్లకు కంప్యూటర్, మానిటర్, రూటర్ మాత్రమే తగిలించండి. అందులో ప్రింటర్‌ను పెడితే, హీటర్ లాగిన క్షణంలోనే యూపీఎస్ కీచుమని అన్నిటినీ ఆపేస్తుంది.

తగిలించే వరస

పరికరాల మధ్య తీగలన్నీ, అంటే మానిటర్, ప్రింటర్, నెట్‌వర్క్ తీగలు, కరెంటు ఇవ్వకముందే కలపండి. ఎర్త్ లేని కంప్యూటర్ నుంచి ఎర్త్ ఉన్న తెరకు వీడియో తీగ తగిలించినప్పుడు, ఇందాక చెప్పిన సగం వోల్టేజి ఆ చిన్న పిన్నుల గుండా పోయి పోర్టునే కాల్చవచ్చు. ఒకదానితో ఒకటి కలిసే పరికరాలన్నిటికీ ఒకే సాకెట్ నుంచో, ఒకే బాక్సు నుంచో కరెంటు ఇవ్వడం కూడా ఇందుకే మంచిది.

ఆ తరువాత కార్డును ముందు యంత్రం వెనక పూర్తిగా దూర్చండి. సి-13 కొస చివరి మూడు, నాలుగు మిల్లీమీటర్లు గట్టిగా నెడితే తప్ప లోపలికి పోదు, సగంలో ఆగినా కంప్యూటర్ వెలుగుతుంది కనుక ఎవరూ గమనించరు. యంత్రం స్విచ్చు ఆపి ఉంచి, పొడి చేతులతో ప్లగ్గును సాకెట్‌లో పెట్టి, చివరగా సాకెట్ స్విచ్చు వేయండి. పవర్ సప్లైలోని ఖాళీ కెపాసిటర్లు నిండే మొదటి కొన్ని మిల్లీసెకన్లలో ప్రవాహం మామూలు కన్నా ఎన్నో రెట్లు ఉంటుంది, స్విచ్చు వేసి ఉండగా ప్లగ్గు పెడితే టప్పున మెరిసే నిప్పురవ్వ దానిదే. ఆ రవ్వ పడినప్పుడల్లా పిన్ను మీద చిన్న నల్ల మచ్చ మిగులుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా పరికరాలను ఒక్కొక్కటిగా వేయడం నయం.

కార్డు వెళ్లే దారి

నడిచే దారిలో, తివాచీ కింద, తలుపు సందులో, కుర్చీ చక్రాల కింద కార్డు ఉండకూడదు. చక్రం తొక్కిన చోట పైతొడుగు బాగానే కనిపిస్తూ లోపల సన్నని పోగులు ఒక్కొక్కటి తెగుతూ పోతాయి. ఎత్తు మార్చుకునే బల్ల అయితే దాన్ని పూర్తిగా పైకి లేపి, అప్పుడు కార్డులో ఇంకా కొంచెం వదులు మిగులుతుందో లేదో చూడండి. ప్లగ్గు మెడ దగ్గర కార్డు మెలిక తిరగకూడదు, అడాప్టర్ చుట్టూ బిగించి చుట్టడం వల్ల ఎక్కువ కార్డులు పాడయ్యేది ఆ మెడ దగ్గరే. అడాప్టర్‌ను దిండు మీద, పుస్తకాల మధ్య కాక గాలి ఆడే చోట ఉంచండి. బాక్సును నేల మీద పడేయకుండా బల్ల కాలికో, గోడకో బిగిస్తే నీళ్లు, దుమ్ము, పిల్లల వేళ్లు, ఎలుకల పళ్లు, అన్నిటికీ కొంత దూరమవుతుంది.

గంట తరువాత చేత్తో తాకి చూడండి

పరికరాలన్నీ గంటసేపు మామూలుగా నడిచాక, పగుళ్లు లేని ప్లగ్గు ప్లాస్టిక్‌ను, సాకెట్ ముఖాన్ని, బాక్సును చేతి వెనకభాగంతో తాకండి. గది వేడిమి కన్నా కాస్త గోరువెచ్చగా ఉండవచ్చు. చేయి ఉంచలేనంత వేడి ఉన్నా, ఒక ప్లగ్గు మాత్రమే మిగతావాటి కన్నా స్పష్టంగా వేడిగా ఉన్నా అక్కడ తాకిడి చెడిందని తెలుసుకోండి. లాప్‌టాప్ అడాప్టర్ దిమ్మ వేడెక్కడం సహజం, దాని ప్లగ్గు వేడెక్కడం సహజం కాదు. కార్డునో, సాకెట్‌నో ఒక్కొక్కటిగా మార్చి చూస్తే లోపం ఎటువైపు ఉందో తెలిసిపోతుంది. కొత్త సామాను చేరినప్పుడల్లా ఈ పరీక్ష మళ్లీ చేయండి.

తీసేటప్పుడు, చెడినప్పుడు

కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, సాకెట్ స్విచ్చు ఆపి, ప్లగ్గును పట్టుకుని నేరుగా లాగండి, తీగను పట్టుకుని కాదు. క్యాబినెట్ తెరవాలనుకుంటే ప్లగ్గు తీశాక పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటులో చాలావరకు ఖాళీ అవుతుంది. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఏ పరిస్థితిలోనూ విప్పవద్దు, ప్లగ్గు తీశాక కూడా దానిలోని పెద్ద కెపాసిటర్‌లో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు.

సాకెట్ నుంచి సన్నగా చిటపట శబ్దం రావడం, ప్లాస్టిక్ కాలిన వాసన, కొన్నిసార్లు ఎక్కడా చేపలు లేకుండానే నీచు వాసన రావడం, ఇవన్నీ లోపల ఏదో మాడుతున్నదనడానికి గుర్తులు. ప్లగ్గును ముట్టుకోకుండా మెయిన్ దగ్గర సరఫరా ఆపండి. మంట కనిపిస్తే నీళ్లు చల్లవద్దు. ముందు సరఫరా ఆపాలి, కార్బన్ డయాక్సైడ్ లేదా పొడి రకం సిలిండర్ వాడాలి, మంట చేతికి మించితే బయటికి వచ్చేయాలి. ఎం.సి.బి. పదే పదే ట్రిప్ అవుతుంటే దాని స్థానంలో పెద్దది వేయించవద్దు. గోడలోని తీగ మందానికి తగినట్లు దాన్ని వేశారు, దాన్ని పెంచితే ఇక కాలేది తీగే.

పైతొడుగు చిట్లిన కార్డుకు టేపు చుట్టి మళ్లీ వాడకండి. దాన్ని రెండు కొసలా ఊడదీసి, ప్లగ్గును కత్తిరించి పారేయండి, లేకపోతే ఎవరో ఒకరు చెత్తలోంచి తీసి మళ్లీ తగిలిస్తారు. బాగున్న అదనపు కార్డులకు మాత్రం ఏ పరికరంతో వచ్చిందో, ఎన్ని ఆంపియర్లదో రాసిన చీటీ కట్టి దాచండి.